పెద్దల్లుడి కారులో చల్లగాలి

మా ముత్తాత తుంగతుర్తి వైపు ఊళ్ళకు దేశ్‌ముఖ్. ఆయన గుర్రం దిగి కచేరీలో కూర్చునేదాకా మిగతావాళ్ళు నిలబడే ఉండేవారట. మా తాత ఉర్దూలో తీర్పులు చెప్పేవాడు, ఫార్సీలో సంతకం పెట్టేవాడు. హైదరాబాదు పోతే దర్బారులో ఆయన నిలబడడానికంటూ ఒక చోటు ఉండేది. మా నాయన కాలానికి దేశ్‌ముఖీ పోయింది, భూములు సీలింగులో పోయాయి, కోటలాంటి మా గడీ పైకప్పు కూలింది. నాయన మాత్రం నడుము వంచలేదు. సూర్యాపేటలో ఇల్లు కట్టుకున్నాడు. ఎనభైల మొదట్లో పెద్ద నల్ల కారు ఒకటి కొని, బెజవాడ తీసుకుపోయి దానికి ఏసీ పెట్టించాడు. అప్పట్లో సూర్యాపేట నుంచి కోదాడ దాకా ఏసీ ఉన్న సొంత కారు ఇంకొకటి నేను చూడలేదు.

ఏసీ అంటే ఇప్పటి కార్లలోలా ఎక్కడుందో తెలియకుండా ఉండేది కాదు. స్టీరింగు పక్కన, కాళ్ళ దగ్గర, ఒక రేకు డబ్బా వేలాడేది. దాని మూతి తిప్పితే గాలి మోకాళ్ళకో ముఖానికో కొట్టేది. ఇంజను పక్కన కంప్రెసరు, రేడియేటరుకు ముందు దానిలాంటిదే ఇంకో జల్లెడ. లోపలి వేడిని బయటికి వదిలేది ఆ ముందు జల్లెడే. నాయన నాకు ఒకటే నేర్పాడు: "రెండు పైపులు పట్టి సూడు. ఒకటి సల్లగుండి చెమట పట్టాలె. ఇంకోటి కాలాలె. రెండూ ఒక్క తీరు ఉన్నయంటే బండి రోగంల పడ్డట్టు."

నాయన పోయాక కారు నాకు వచ్చింది. డ్రైవర్ని పెట్టుకోలేదు. ఆ స్టీరింగు మీద పరాయి చెయ్యి పడడం నాకు ఇష్టం లేదు. తొంభైలు వచ్చేసరికి సూర్యాపేట రోడ్ల మీద కొత్త కార్లు చాలా తిరుగుతున్నాయి. వాటిని నేను పట్టించుకోలేదు, ఒక్కదాన్ని తప్ప. అది మా తోడల్లుడిది.

నా అత్తగారిల్లు చివ్వెంల. మా మామకు ఇద్దరు బిడ్డలు, ఒక కొడుకు. పెద్దబిడ్డను నాకు ఇచ్చాడు. చిన్నబిడ్డను మిర్యాలగూడలో రైస్ మిల్లు ఉన్న ఇంట్లో ఇచ్చాడు. భోజనాల దగ్గర మామ నవ్వుతూ చెప్పే మాట ఒకటి ఉండేది: "పెద్దబిడ్డకు పేరు సూసిన. సిన్నబిడ్డకు మిల్లు సూసిన. రెండు కండ్లకు రెండు కాటుకలు." అందరూ నవ్వేవారు. తోడల్లుడు అందరికంటే గట్టిగా నవ్వేవాడు. పెళ్ళయిన కొత్తలో నాకూ ఆ మాట బాగానే ఉండేది, ఎందుకంటే అందులో మొదట వచ్చేది నేను. పోను పోను ఆ మాటలో రెండో సగం పెరిగింది. మామకు ఒంట్లో బాగా లేకపోతే మిర్యాలగూడ నుంచి కారు వచ్చేది. అత్తమ్మ యాదగిరిగుట్ట పోవాలంటే మిర్యాలగూడ నుంచి కారు వచ్చేది. నేను పక్కనే సూర్యాపేటలో ఉన్నాను. నన్ను అడిగేవారు కాదు. అడిగితే నాకు భారం అవుతుందని అనుకునేవారు. అలా అనుకోవడమే నాకు నచ్చేది కాదు.

అతని కారు తెల్లది, కొత్తది. ఏసీ కంపెనీలోనే బిగించి వచ్చింది. లోపల చప్పుడే ఉండదు. ముందు జాలీ మీద మాత్రం దోమతెర లాంటి సన్నటి వల ఒకటి సుతిలి తాడుతో కట్టి ఉండేది. అంత కారుకు ఆ వల చూస్తే నాకు కాస్త హాయిగా ఉండేది.

"మీ కారుకు దోమలు కుడ్తున్నయా తమ్మీ?" అని ఒకసారి అడిగాను.

"కుడితే కారునే కుట్టనియ్యన్నా. మనల్ని ఇడిసిపెడ్తయి" అన్నాడు. మాట వేసింది నేను, అక్కడున్నవాళ్ళు నవ్వింది అతని జవాబుకి.

ఆ ఏడు మా బావమరిదికి కోదాడ సంబంధం ఖాయమయింది. లగ్నం ఎండాకాలంలో, రోహిణి కార్తెలో పడింది. మా అత్తగారి వంశంలో ఒక పద్ధతి ఉంది. పెళ్ళికొడుకు ఇల్లు కదిలేది పెద్దల్లుడి బండిలోనే. ఎడ్లబండ్ల కాలంలో మా మామ పెళ్ళికీ అంతే, వాళ్ళ నాయన పెళ్ళికీ అంతే. ఆ బండి ముందు నడవాలి, మిగతావన్నీ వెనక రావాలి. ఊరి పొలిమేరలో ఆడపిల్లవాళ్ళు ఎదుర్కోళ్ళకు వచ్చి షర్బతు ఇచ్చేది ఆ బండి దగ్గరే. ఆ ఇంట్లో నాకు మిగిలిన చోటు అదొక్కటి. మిల్లు పెట్టి కొనలేనిది కూడా అదే. ఆ మధ్యాహ్నం నా కారు ముందు నడుస్తుందని, తెల్ల కారు నా దుమ్ములో వెనక వస్తుందని చలికాలం నుంచి అనుకుంటూ ఉన్నాను.

ఆ చలికాలం నుంచే మిర్యాలగూడ పోయి రావడం ఎక్కువైంది. పెళ్ళి బట్టలు, సామాన్లు, బియ్యం అన్నీ అక్కచెల్లెళ్ళిద్దరూ అక్కడే కూర్చుని చూసుకుంటున్నారు. నేను మా ఇంటామెను కారులో దింపి, పని అయ్యేదాకా ఉండి తీసుకొచ్చేవాణ్ణి. వాళ్ళ ఇంటి పోర్టికోలో ఒక్క కారుకే చోటు. నేను వెళ్ళిన ప్రతిసారీ తోడల్లుడు "నా బండి బయటికి తీస్తనన్నా, మీది నీడకు పెట్టున్రి" అనేవాడు. అతను ఖాళీ చేసి ఇచ్చిన నీడలో నా కారు పెట్టను. పక్కనున్న మిల్లు ఆవరణలోకి పోనిచ్చి, వడ్ల లారీలు వచ్చే గేటుకు ఎదురుగా నిలిపేవాణ్ణి. ఇంజను ఆపేవాణ్ణి కాదు. అద్దాలు మూసి, ఏసీ వేసుకుని, పేపరు చదువుకుంటూ లోపలే కూర్చునేవాణ్ణి. మార్చి ఎండలో అద్దాలు మూసి ఉన్న కారు అంటే ఏమిటో లారీల వాళ్ళకు తెలుసు, హమాలీలకు తెలుసు. వాళ్ళు ఒక చూపు చూసి పోయేవారు. ఆ చూపులు మేడ మీద గదిలో కూర్చున్న అతనికి కనబడతాయని నాకు తెలుసు.

ఉగాది దాటాక ఏసీ మొరాయించడం మొదలుపెట్టింది. పొద్దున బాగానే ఉండేది. ఎండ ముదిరేసరికి గాలి వస్తుంది గాని చల్లదనం ఉండదు. రోడ్డు మీద పరుగులో కాస్త నయం. గేటు దగ్గరో బస్టాండు ముందో ఆగితే డబ్బాలోంచి వేడిగాలి కొడుతుంది, ఇంజను వేడి చూపించే ముల్లు ఎర్రగీత వైపు ఎక్కుతుంది. పైపులు పట్టి చూశాను. చల్లగా ఉండాల్సింది గోరువెచ్చగా ఉంది. కాలాల్సింది చెయ్యి పెట్టనివ్వడం లేదు.

సూర్యాపేటలో ఫ్రిజ్‌లు బాగుచేసే అతనే కార్ల ఏసీలూ చూసేవాడు. బెల్టు బిగించాడు. తగ్గలేదు. గ్యాసు తక్కువైందన్నాడు. రెండు గేజీలు తెచ్చి తగిలించి గ్యాసు ఎక్కించాడు. ఎర్ర గేజీలో ముల్లు చివరిదాకా పోయి నిలబడింది. "ముల్లు పట్టుకుంది దొరా, గేజే ఖరాబైంది" అన్నాడు. ఆ సాయంత్రం చల్లగానే ఉంది. మర్నాడు మధ్యాహ్నం మునుపటి కంటే అన్యాయం.

"కంప్రెసర్ ఖతం దొరా. మీ నాయనగారి కాలంది. ఎన్నేండ్లని లాగుతది పాపం?"

నాకూ అదే నిజమనిపించింది. నాయన కాలంనాటివన్నీ ఒక్కటొక్కటే పోతున్నాయి. ఇది కూడా అందులో చేరింది, అంతే. బెజవాడ నుంచి కంప్రెసరు తెప్పించి బిగించాం. అది పెళ్ళికి ముందు వారం. సాయంత్రం పూట నడిపి చూశాను. చల్లగా ఉంది. మా ఇంటామెను ఎక్కించుకుని చివ్వెంల దాకా పోయి, అత్తమ్మ ముందు తలుపు తీసి చూపించాను. ఆవిడ లోపలికి చెయ్యి పెట్టి "మంచిగుంది" అంది.

మర్నాడు మధ్యాహ్నం బావమరిదిని ఎక్కించుకుని బజారుకు పోయాను. శంకర్‌విలాస్ సెంటరు దగ్గర ఆగేసరికి మళ్ళీ అదే వేడిగాలి. నేను అద్దాలు దించలేదు. ఇద్దరికీ చొక్కాలు వీపుకు అతుక్కున్నాయి.

"బావా, అద్దం దించాల్నా?"

"వద్దు. ఇప్పుడే సల్లబడ్తది."

అతను రుమాలుతో నొసలు తుడుచుకున్నాడు. "బావా, మీ మీద గౌరవంతోనే అడుగుతున్న. పెండ్లినాడు గిట్లనే అయితే, నా కల్యాణం బొట్టు కోదాడ పొయ్యేసరికి గదువ మీదికి దిగుతది. ఆ పిల్ల నన్ను సూసి ఉరుకుతది."

ఇల్లు చేరగానే అతను నవ్వుకుంటూ ఆ మాట వాళ్ళ నాయనకు చెప్పాడు. మామ నవ్వలేదు. నన్ను పక్కకు పిలిచి, భుజం మీద చెయ్యి వేశాడు. "అల్లుడూ, ఎండలు ఎట్లున్నయో సూస్తున్నరు గద. పిలగాడు కోటు ఏసుకుంటడట. మీ అత్తమ్మకు బీపీ. ముందు బండి సిన్నల్లుంది పెడ్దాం. మీరు దాంట్లనే ముందు సీట్ల కూసోన్రి. మీ మర్యాదకు ఏం తక్కువ కాదు."

అతని కారులో, అతను నడుపుతూ ఉంటే, పక్కన నేను. కారు తీసుకుని ఇంటికి వచ్చేశాను. నాకు కడుపు మండింది. దానికి ఇంకో పేరు పెట్టను. ఆ రాత్రి అన్నం ముందు కూర్చుంటే ఆ తెల్ల కారుకు బంతిపూల దండలు చుట్టినట్టే కనిపించింది.

పెళ్ళిరోజు పొద్దున్నే నా కారు వేసుకుని చివ్వెంల పోయాను. లగ్నం సాయంత్రం. మధ్యాహ్నం భోజనాలు కాగానే కదలాలి. నేను పోయేసరికే తెల్ల కారు వాకిట్లో ఉంది. ఆ ఇంటి ఆడవాళ్ళు దానికి నిజంగానే దండలు చుడుతున్నారు. దోమతెర వల మీద కూడా మల్లెపూలు. నేను నా కారును వాళ్ళకు దూరంగా, గడ్డివాము పక్కన ఆపి బానెట్ ఎత్తాను. పైపులు పట్టి చూడడం తప్ప ఇంక చేయగలిగింది నాకూ తెలియదు. అయినా చేతులు కట్టుకుని దండల దగ్గర నిలబడడం నా వల్ల కాలేదు.

చాయ్ గ్లాసు చేతిలో పట్టుకుని తోడల్లుడు వచ్చాడు. లుంగీ మోకాళ్ళ పైకి మడిచి కట్టాడు.

"జర స్టార్ట్ చెయ్యున్రి అన్నా."

"కంప్రెసరు మార్చిన. గ్యాసు నింపిన. ఇగ దీంట్ల సూడనీకి ఏం లేదు తమ్మీ."

"సూస్తే పొయ్యేదేమున్నది, స్టార్ట్ చెయ్యున్రి."

చేశాను. అతను పైపులు పట్టుకోలేదు. కారు ముందుకు పోయి, జల్లెడకు అరచెయ్యి అడ్డం పెట్టి కాసేపు అలాగే ఉంచాడు. తర్వాత గోలెం దగ్గరికి పోయి బక్కెట్టు నిండా నీళ్ళు తెచ్చి, చెంబుతో ఆ జల్లెడ మీద పోశాడు. ఆవిరి లేచింది.

"ఇప్పుడు లోపల సెయ్యి పెట్టి సూడున్రి."

పెట్టాను. చల్లగా వస్తోంది. నాయన ఉన్ననాటి చలి అది. నీళ్ళు ఆరేసరికి మళ్ళీ వెచ్చబడింది. ఇంకో చెంబు పోశాడు. మళ్ళీ చల్లబడింది.

"కంప్రెసర్‌కు ఏ రోగం లేదన్నా. పాతదానికి గూడ ఉండకపోవచ్చు. దీనికి ఊపిరాడ్తలేదు." చీపురు పుల్ల ఒకటి తెప్పించి ముందు జల్లెడకూ వెనక రేడియేటరుకూ మధ్యనున్న సందులోకి దించి, పైకి లాగాడు. పుల్లతో పాటు బూడిదరంగు పెచ్చు ఒకటి, గొంగడి ముక్కలాగా, ఊడి వచ్చింది. దాన్ని అరచేతిలో నలిపాడు. ఊక, తవుడు, నూనె జిడ్డు.

అతనికి నవ్వు ఆగలేదు. "ఇది మాదే అన్నా! మా మిల్లుదే!"

దండలు కడుతున్న ఆడవాళ్ళు, మామ, పెళ్ళికొడుకు, అందరూ గడ్డివాము దగ్గరికి వచ్చారు.

"ఇంజన్ నడుపుకుంట మా మిల్లు ముందర నిలబెడ్తిరి. ఫ్యాన్ తిరిగినంతసేపు ఊకను లోపలికి గుంజుకుంటనే ఉంటది. ముందట ఏం కనవడది, అంత ఎనుకకు పోయి పట్టుకుంటది. మా ఊర్ల మిల్లోళ్ళ బండ్లన్నిటికి ఇదే రోగం. గందుకే ముందట వల కట్టుకుంటం. పోర్టికోల పెట్టున్రని అప్పుడే అంటి గదన్నా."

"అక్క పెండ్లి బియ్యం తెస్తదనుకుంటే, బావ ఊక గూడ తెచ్చిండు!" అన్నాడు పెళ్ళికొడుకు. నలుగు పెట్టిన ముఖంతో వాడు నవ్వుతుంటే పసుపు రాలింది. మా మామ కూడా నవ్వాడు. ఆయన అంత హాయిగా నవ్వడం చూసి చాలా రోజులైంది. నా వెనక నుంచి మా ఇంటామె మెల్లగా "అక్కడ నీడ ఉండంగ ఎండల ఎందుకు పెట్టిన్రో" అంది. నేను వినబడనట్టు జల్లెడ వైపు వంగాను.

మిగతా పనంతా అతనే చేశాడు. నా చేతిలోంచి పానా తీసుకుని బోల్టులు విప్పి, రేడియేటరును కాస్త వెనక్కి వాల్చాడు. పత్తికి మందు కొట్టే స్ప్రేయర్ బాగా కడిగించి, మంచినీళ్ళు నింపి, వెనక నుంచి ముందుకు కొట్టాడు. ఊక ముద్దలు ముద్దలుగా కింద పడింది. ఎక్కువ ఎక్కించిన గ్యాసు కొంచెం వదిలాడు. అతని లుంగీ, బనియను, జుట్టు అంతా తడిసి నల్లబడింది. అతను పెళ్ళికి వచ్చిన అల్లుడిలా లేడు. నేను ఇస్త్రీ పంచెలో పక్కన నిలబడి ఉన్నాను. చూసేవాళ్ళకు దొర ఎవరో చెప్పనక్కరలేదు. అయినా అందరి కళ్ళూ అతని మీదే.

ఎండ నడినెత్తికి వచ్చాక కారు మళ్ళీ స్టార్ట్ చేశాం. చల్లగాలి కొట్టింది, ఆగి ఉన్నా కొట్టింది. అతను చేతులు కడుక్కుని, తన కారు దగ్గరికి పోయి, కట్టిన దండలన్నీ తనే విప్పి తెచ్చి నా కారు మీద వేశాడు.

"పెద్దల్లుని బండి ఉండంగ నాదెందుకు మామా? పద్ధతి పద్ధతే."

"బంగారం అసొంటి మాట అన్నవు బిడ్డా" అన్నాడు మామ.

నా చోటు నాకు వచ్చింది. అతను తీసి ఇచ్చాడు, నేను పుచ్చుకున్నాను. తాత ఉంటే పుచ్చుకునేవాడు కాదు. కాని ఆ వాకిట్లో అంతమంది ముందు వద్దనడానికి నాకు నోరు రాలేదు.

బయల్దేరాం. పెళ్ళికొడుకు నా పక్కన, వెనక అత్తమ్మ, మా ఇంటామె. నేను ముందు, అతను వెనక. చిన్న అద్దంలో తెల్ల కారు కనబడుతూనే ఉంది. హారను కొట్టడు, దాటాలని చూడడు, నా దుమ్ములో నింపాదిగా వస్తున్నాడు. నేను చలికాలం నుంచి అనుకున్నది అనుకున్నట్టే జరుగుతోంది.

"అబ్బ, పానం లేచొచ్చింది" అంది అత్తమ్మ వెనక నుంచి. "సిన్నల్లుడు సెయ్యి పెడ్తే సల్లవడ్డది సూడు."

"సిన్నబావ సేతిల మహిమ ఉన్నదమ్మా" అన్నాడు బావమరిది. బొట్టు చెదరకుండా అద్దంలో ముఖం చూసుకుంటున్నాడు.

ఆ తర్వాత డబ్బాలోంచి వచ్చిన గాలి నాకు చల్లగా తగలలేదు. వాళ్ళు ముగ్గురూ కొంగులు సర్దుకుని, కోటు బొత్తాలు పెట్టుకుని హాయిగా కూర్చున్నారు. నేను మాత్రం ఆ మూతిని నా వైపు నుంచి పక్కకు తిప్పేశాను.

కోదాడ పొలిమేరలో ఆడపిల్లవాళ్ళు ఎదురొచ్చారు. షామియానా, బ్యాండు, స్టీలు జగ్గుల్లో షర్బతు. మొదట ఆగింది నా కారే. పెళ్ళికూతురి తండ్రి తలుపు తీసి వంగి చూశాడు. వాళ్ళ మాటలో అప్పటికే బెజవాడ గాలి ఉంది.

"అబ్బో, లోపల ఎంత చల్లగా ఉందండీ! ఎవరిదండీ కారు?"

"మా పెద్దబావది" అన్నాడు పెళ్ళికొడుకు. అక్కడితో ఆగితే బాగుండేది. "పాడైతే మా సిన్నబావ పొద్దున బాగు జేసిండు."

"ఆఁ, మిర్యాలగూడ మిల్లు వారా? వారెక్కడున్నారండీ? మా వడ్లు వారికే పోతాయి కదండీ, ముఖం మాత్రం ఇంతవరకు చూడలేదు."

పెళ్ళికొడుకు చేతికి షర్బతు గ్లాసు ఇచ్చాడు. నా చేతికి ఒకటి ఇచ్చాడు, మర్యాదగానే. ఇంకో గ్లాసు పట్టుకుని వెనక్కి నడిచాడు. ఆయన వెంట ఆయన తమ్ముళ్ళు, వాళ్ళ వెంట బ్యాండు వాళ్ళు ఇద్దరు. ఎదుర్కోళ్ళలో సగం మంది తెల్ల కారు చుట్టూ చేరారు. అతను దిగి, పెళ్ళికూతురి తండ్రి రెండు చేతులూ పట్టుకుని, ఏదో అని అందరినీ నవ్వించాడు. ఆ నవ్వు నా కారు అద్దాల్లోంచి లోపలికి వినబడింది. పెళ్ళికొడుకును షామియానా కిందికి తీసుకుపోయారు. అత్తమ్మ, మా ఇంటామె కూడా దిగి తెల్ల కారు వైపే పోయారు. ఇంజను నడుస్తోంది, అద్దాలు మూసి ఉన్నాయి, కారులో నేనొక్కణ్ణే ఉన్నాను.

పెళ్ళి బాగా జరిగింది. ఆ పద్ధతి తప్పలేదని మామ చుట్టాలందరికీ చెప్పుకున్నాడు. ఏసీ ఆ తర్వాత ఒక్కరోజు కూడా మొరాయించలేదు. రోడ్డెక్కితే చాలు మోకాళ్ళు చలితో వణికేవి. ఎక్కినవాళ్ళల్లా ఆ ఊక కథ అడిగేవారు. చెప్పడానికి నేను నోరు తెరిచేలోగా మా ఇంటామె చెప్పేది.

మామిడిపండ్లు అయిపోతున్న రోజుల్లో ఒకనాడు కారు వాకిట్లోకి తెచ్చి ఆపి, ఇక ఇది వద్దు, కొత్తది కొంటానన్నాను.

"ఇంత మంచిగ నడుస్తుంటే ఎందుకు?" అంది ఆమె.

"ఇది మనది కాదు" అన్నాను. ఆమె నా వైపు చూసి లోపలికి పోయింది.

వానలు బాగా పట్టిన నెలలో కొత్త కారు వచ్చింది. దాని కోసం తుంగతుర్తి దగ్గర బావి కింద మాకు మిగిలిన, వరి పండే తరి పొలం అమ్మాను.